అలాంటివాడు ఈ ఊళ్ళో లేడు

హెలికాప్టర్ నడపడం నేర్చుకుని, ఛాతీ మీద రెక్కల గుర్తు పెట్టుకున్న తర్వాత కూడా సైన్యంలో కొన్ని గదుల్లోకి మనల్ని రానివ్వరు. శిక్షణలో మేము నడిపినవి పాతవి, చిన్నవి. వాటి పుస్తకాలు బల్లమీద పడి ఉండేవి, ఎవరైనా తిరగేయవచ్చు. నాకు కేటాయించిన కొత్త హెలికాప్టర్ సంగతి అలా కాదు. దాని పుస్తకాలు తాళం వేసిన గదిలో ఉంటాయి. సంతకం పెట్టి తీసుకోవాలి, సంతకం పెట్టి తిరిగివ్వాలి. ఆ గది గడప దాటాలంటే భద్రతా అనుమతి రావాలి. అది రావాలంటే నేనెవరో, ఎవరి మధ్య పెరిగానో పోలీసులు మా ఊళ్ళకు వెళ్ళి విచారించి రాసి పంపాలి.

దరఖాస్తులో ఒక గడి ఉంది: హైస్కూలు నాటినుంచి మీరు నివసించిన అన్ని చిరునామాలు. నాకన్నా ముందు చేరిన ఒక అధికారి నా భుజం మీదుగా చూసి, రెండు రాస్తే చాలు, ప్రతి చిరునామాకూ ఒక పోలీసు స్టేషను తోడవుతుందని సలహా ఇచ్చాడు. నాకు అలా చేతకాదు. అన్నీ అని అడిగితే అన్నీ రాస్తాను. కర్ణాటకలో, తెలుగు మాట్లాడే మా పాతపాళ్యలో మా ఇల్లు. చింతామణిలో పీయూసీ, అంటే ఇంటర్, చదివేటప్పుడు ఉన్న అత్త ఇల్లు. చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగు చదివినన్నాళ్ళూ ఉన్న మేడమీది గది. సైన్యంలో చేరేటప్పుడు జరిగిన మొదటి విచారణ ఆ గది చిరునామా మీదే జరిగిపోయింది కాబట్టి, పాతపాళ్యకు పోలీసులు నాకోసం వెళ్ళడం ఇదే మొదటిసారి.

చింతామణి విచారణ సంగతి అత్త ఫోన్లో చెప్పింది. గుణగణాలు అడుగుతూ ఒకాయన వస్తే, ఆమె అది పెళ్ళి సంబంధం అనుకుంది. మావైపు ఒక కుర్రాడి గురించి ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి తాగుతాడా, ఎవరితో తిరుగుతాడు అని అడిగాడంటే ఇంకో కారణం ఉండదు. ఆయన్ని కూర్చోబెట్టి, రాగిముద్ద, నంజుకోను ఊరుబిండి పచ్చడి పెట్టి, నా ఎత్తు, నా నిద్ర, నేను కాకరకాయ తినకపోవడం వరకూ చెప్పి, చివర్లో అమ్మాయి ఎంతవరకు చదివిందని అడిగిందట. పోలీసాయన నవ్వుకుంటూ అన్నీ రాసుకుని పోయాడు. చిక్కబళ్ళాపురంలో గది ఇంటాయన పూల వ్యాపారి. ఆయన తన అంగడిలో చేమంతులు కట్టలు కట్టిస్తూనే జవాబులిచ్చాడట. నా చెప్పులు ఎప్పుడూ గోడవారగా వరసలో ఉండేవని, అంతకంటే తనకు సాక్ష్యం ఏమీ అక్కర్లేదని చెప్పాడట.

పాతపాళ్య నుంచి మాత్రం ఏ కబురూ లేదు. కబురు లేకపోవడం మంచిదే అనుకున్నాను.

మా భద్రతాధికారి ఒక ఉదయం నన్ను పిలిపించాడు. మనిషి మర్యాదస్తుడు. కూర్చోమని, కాగితం ఒకటి తనవైపే ఉంచుకుని, మీ ఊరు ఉందా అని అడిగాడు. ఉందన్నాను. మీ ఇల్లు అక్కడే ఉందా అన్నాడు. ఉందన్నాను. ఆయన కాగితాన్ని నావైపు తిప్పాడు. ఈ పేరుగల వ్యక్తిగాని, ఇతని కుటుంబంగాని సదరు గ్రామంలో లేరని, గ్రామస్థులను పలువురిని విచారించగా అలాంటివారిని ఎప్పుడూ ఎరగమన్నారని అందులో ఉంది.

ఆయన నన్ను అనుమానించలేదు. ఆ సంగతి చెప్పాడు కూడా. కానీ ఆ కాగితం ఫైల్లో ఉన్నంతకాలం అనుమతి రాదు. కొత్త హెలికాప్టర్ కోర్సు మొదలయ్యేలోగా రెండో విచారణ జరిగి, సరైన నివేదిక రాకపోతే నా సీటు వెనకవాడికి వెళ్తుంది. మళ్ళీ కోర్సు ఎప్పుడో ఆయనకే తెలియదు. అప్పటిదాకా నేను ఆఫీసులో వాతావరణ పటాలు అతికిస్తూ కూర్చోవాలి. మూడో తరగతిలో, ఎండు చెరువు మీదుగా ఒక హెలికాప్టర్ తక్కువగా ఎగిరి వెళ్తే, ఆ చప్పుడు ఆగిపోయాక కూడా అటే చూస్తూ నిలబడిన రోజునుంచి నేను ఈ సీటు కోసమే చదివాను. ఆయన వారం రోజులు సెలవు ఇచ్చాడు.

బెంగళూరులో బస్సెక్కి, దారిలో పేరేసంద్ర దాటేలోపు, నివేదిక అలా రావడానికి కారణాలు రాసుకున్నాను. ఒకటి, వేరే ఊరికి వెళ్ళి ఉంటారు. రెండు, పేరు తప్పు చదివి ఉంటారు. మూడు, ఎవరికైనా మామీద కోపం ఉండి చెప్పి ఉంటారు. మూడోదాని కింద ఒక పేరు రాసి, కొట్టేసి, ఇంకోటి రాశాను. మూడు కారణాలూ తప్పేనని ఊరు చేరిన కాసేపటికి తేలింది.

మా ఊరి మొదట్లో టీ అంగడి ఉంది. నడిపే ఆయన్ని నేను చిన్నప్పటినుంచి మామ అని పిలుస్తాను. చుట్టం కాదు, ఊరి వరస. బస్సు దిగిన నన్ను చూడగానే ఆయన గ్లాసులు వదిలేసి దగ్గరికొచ్చాడు. భుజం పట్టుకుని అంగడి వెనక్కి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఏమి చేసినావురా? నిజం చెప్పు, ఎవురికీ చెప్పను."

"నేనేమి చేస్తాను మామా?"

"మఫ్టీలో ఒకాయప్ప బండి మింద వచ్చి నీ పేరు చెప్పి అడిగె. బూట్లు చూస్తే పోలీసోడని తెలిసిపాయ. అట్లాంటోడు ఈ ఊర్లో యాడా లేడంటిమి. మీ నాయన పేరు చెప్పె. ఆయప్పా లేడంటిమి. మీ ఇల్లు యాడుండాదని అడిగితే చెరువు అవతలికి చూపిస్తిమి. ఇంక నీకేమీ భయం లేదు, పో."

ఆయన మొహంలో గర్వం ఉంది. నన్ను కాపాడానన్న గర్వం. నేను రాసుకున్న మూడు కారణాలూ ఉన్న కాగితం జేబులోనే నలిపేశాను.

ఇల్లు చేరేలోపు ఇంకో నలుగురు అదే సంగతి చెప్పారు. అందరూ గొంతు తగ్గించే చెప్పారు. పక్కింటి పెద్దమ్మ, ఆమె కూడా చుట్టం కాదు, పోలీసాయన మా వీధిలోకి వచ్చినప్పుడు మా తలుపుకు బయట తాళం వేసి, లోపల మా అమ్మ ఉండగానే, ఈ ఇంటివాళ్ళు ఎప్పుడో ఊరు విడిచిపోయారని చెప్పిందట. లోపల మా అమ్మ మూకుడులో తిరగమోత మాడిపోతున్నా కదలకుండా నిలబడిందట. మా అమ్మ అది చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను నవ్వలేకపోయాను.

మా నాయన కూడా నవ్వలేదు. మల్బరీ ఆకు మోపు దించి, పట్టుపురుగుల తట్టల గదిలోకి వెళ్ళిపోయాడు. నేను వెనకే వెళ్ళాను. కోర్సు సంగతి, సీటు సంగతి వరసగా చెప్పాను. ఆయన తట్టల మీద ఆకు పరుస్తూ విన్నాడు. పురుగులు ఆకు తినే చప్పుడు సన్నటి వానలా ఉంటుంది. ఆ చప్పుడులోనే, తల తిప్పకుండా, నాకు తెలియని సంగతి ఒకటి చెప్పాడు.

నేను పుట్టకముందు ఒక ఎండాకాలం, బోర్లన్నీ ఎండిపోయినప్పుడు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నీళ్ళకోసం పెద్దరోడ్డు మీద బండ్లు అడ్డం పెట్టి కూర్చున్నారు. రాళ్ళు ఎవరు విసిరారో తెలియదు గాని విసిరారు. తర్వాత తెల్లవారుజామున పోలీసులు పేర్ల పట్టీతో ఊళ్ళోకి వచ్చారు. పట్టీలో మా నాయన పేరుంది. ఆయన రాయి విసరలేదు, బండి తోలుకెళ్ళాడు, అంతే. ఊరంతా ఒకటే మాట చెప్పింది: అలాంటివాడు ఈ ఊళ్ళో లేడు. ఆయన రెండు వీధుల అవతల గడ్డివాములో ఉన్నాడు. ఆనాడు పట్టుకుపోయిన పక్క ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. మావాళ్ళు ఎవరూ తిరగలేదు. ఆ తర్వాత మా ఊళ్ళో అదే అలవాటు అయిపోయింది. ఎవరి పేరు చెప్పి పోలీసు వచ్చినా, దొంగకోసం వచ్చినా, పాసుపోర్టుకోసం వచ్చినా, జవాబు అదే.

"ఆ పొద్దు నన్ను లేడన్నోళ్ళు వీళ్ళే," అన్నాడు నాయన. "ఈ పొద్దు వీళ్ళది తప్పు అనేదానికి నాకు నోరు రాదు."

"తప్పు అనొద్దు నాయనా. ఉండాడు అని చెప్తే చాలు."

"ఉండాడు అంటే, మొన్న అబద్ధం చెప్పినట్లు అవుతుంది గదా. ఎవురంటారు?"

సమస్య అదేనని అప్పుడు అర్థమైంది.

మర్నాడు పోలీసు స్టేషనుకని బాగేపల్లి వెళ్ళాను. నాయన తోడు వచ్చాడు గాని, స్టేషను వీధి మొదట్లో ఆగిపోయాడు. ఆ వీధిలోకి ఆయన ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదట. సరుకులు తేవాల్సివస్తే చుట్టూ తిరిగి వెళ్ళేవాడట. నేను బలవంతం చేయలేదు.

స్టేషనులో నా కాగితాలు వరసలో పెట్టి చూపించాను. పాతపాళ్యకు వెళ్ళిన ఏఎస్సై మధ్యవయసు మనిషి. మొదట కన్నడంలో, నేను తెలుగువాణ్ణని తెలిశాక తెలుగులో మాట్లాడాడు. ఫైలు తిప్పుతూ, తను ఏ ఊళ్ళోనూ అంత పొందికైన జవాబు వినలేదని, అందుకే అనుమానం రాలేదని చెప్పాడు. నలుగురు నాలుగు రకాలుగా చెబితే ఇంకోసారి అడిగేవాడట. మళ్ళీ వస్తాను, కానీ చుట్టాలు కానివాళ్ళు ఇద్దరు మిమ్మల్ని చిన్నప్పటినుంచి ఎరుగుదుమని నోటితో చెప్పి, సంతకం చేయాలన్నాడు. ఎల్లుండి పొద్దున అన్నాడు.

ఎల్లుండికి ఒక్కరోజు ఉంది. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. హెలికాప్టర్ ఎక్కేముందు చూసుకునే పట్టీలాంటిది తయారుచేశాను. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. సాయంత్రం టీ అంగడి దగ్గర పది మందిని కూడగట్టి చదివి వినిపించాను. ఎన్నేళ్ళుగా తెలుసు, నడవడిక ఎలాంటిది, ఏవైనా కేసులున్నాయా. మామ ఒక్కో జవాబూ వెంటనే కంఠస్థం చేశాడు. మళ్ళీ అడిగితే, బళ్ళో పద్యం అప్పగించినట్టు, ఒక్క ఊపులో, కళ్ళు మూసుకుని చెప్పాడు. అందరూ అలాగే. పదిమందీ నా నడవడిక "ఉత్తమమైనది" అన్నారు. ఆ మాట మా ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ ఎవరి గురించీ అనలేదు. నాకు ఏఎస్సై చెప్పిన పొందిక గుర్తొచ్చింది. మొన్నటి అబద్ధంకన్నా ఇవాళ్టి నిజం ఎక్కువ అబద్ధంలా వినిపిస్తోంది.

అది చాలదన్నట్టు, సంతకం అనగానే ఒక్కొక్కరే లేచారు. ఒకరికి ఆవు ఈనేలా ఉంది. ఒకరికి చింతామణి మార్కెట్టుకు టమాటా పెట్టెలు పంపాలి. పెద్దమ్మ మాత్రం దాపరికం లేకుండా చెప్పింది.

"నేను తాళం వేసి లేరని చెప్తిని గదప్పా. అదే తాళం ముందర నిలబడి ఉండారని చెప్తే, ముసల్దాన్ని లోపలేసి నా మింద తాళం ఎయ్యడా?"

అందరూ నవ్వారు. నవ్వి, వెళ్ళిపోయారు. నేను పట్టీ మడిచి కూర్చున్నాను. ఇంజను ఆగిపోతే ఏం చేయాలో నాకు వరసగా తెలుసు. దీనికి వరస ఏదీ తెలియలేదు.

చెప్పిన పొద్దున ఏఎస్సై వచ్చాడు. ఈసారి యూనిఫాంలోనే వచ్చాడు. టీ అంగడి దగ్గర బండి ఆపాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఆయన్ని చూసి నేలవైపు చూశారు. నేను ఎదురెళ్ళి నమస్కారం పెట్టాను. ఆయన మామ వైపు తిరిగి, ఈ అబ్బాయి మీకు తెలుసా అని అడిగాడు.

మామ నోరు తెరిచాడు. నేర్చుకున్నదంతా మరిచిపోయాడు. నావైపు చూశాడు, ఏఎస్సై బూట్లవైపు చూశాడు. ఆయన పెదవులమీదకు ఏ మాట వస్తోందో నాకు తెలుసు. ఇంకో క్షణం ఆగితే ఆ మాటే వచ్చేది.

మా నాయన వెనకనుంచి ముందుకొచ్చాడు. ఆయన ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు. పంచె సర్దుకుని, ఏఎస్సైకి ఎదురుగా నిలబడ్డాడు.

"వీళ్ళను అడగద్దప్పా, ముందు నన్ను అడుగు. వీడి నాయన్ని నేనే. మొన్న మీరొచ్చినప్పుడు నేను ఊర్లోనే ఉంటిని. దానికి ముందు, రోడ్డు మింద బండ్లు పెట్టిన ఏడాది, మీవాళ్ళు పట్టీ తెచ్చిరి. దాంట్లో నా పేరు ఉండె. అప్పుడూ ఊర్లోనే ఉంటిని. వీళ్ళు లేడని చెప్పి నన్ను కాపాడిరి. అదే అలవాటులో మొన్న నా కొడుకును కాపాడినామనుకున్యారు. తప్పు ఉంటే నాది రాసుకోండి. వీళ్ళది రాయొద్దు."

ఆ పాత పట్టీ ఇంకా ఎక్కడైనా బతికి ఉందేమో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అది వెనక ఉన్న నాకే కనిపించింది. చేయి పట్టుకుందామనిపించింది, ఆయన నిలబడిన తీరు చూసి ఆగిపోయాను.

ఏఎస్సై బండి మీదనుంచి దిగి, టోపీ తీసి బెంచీ మీద పెట్టాడు. పాత పట్టీ గురించి తనను పంపలేదని, తను వచ్చింది ఒక పైలట్ గురించి అని చెప్పాడు. తర్వాత టీ అడిగాడు.

"మాది బట్లహళ్ళి పక్కనప్పా," అన్నాడు గ్లాసు అందుకుంటూ. "మా ఊర్లో నన్ను గురించి అడిగినా అదే చెప్తారు. అట్లాంటి పోలీసోడు మా ఊర్లో యాడా లేడంటారు."

మొదట మామ నవ్వాడు. తర్వాత బెంచీ అంతా నవ్వింది. ఆ నవ్వులో ఏదో విడిపోయింది. ఆవు ఈనేలా ఉందన్న ఆయన కూడా ఎక్కడినుంచో వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు మామను మళ్ళీ అడిగితే, నేను రాసిచ్చిన జవాబుల్లో ఒక్కటీ చెప్పలేదు. నేను ఐదో తరగతిలో ఆయన రేడియో విప్పి మళ్ళీ బిగించలేకపోవడం, బిగించేదాకా వారం రోజులు అంగడి వదిలి కదలకపోవడం చెప్పాడు. చివరికి అది పలికిందా అని ఏఎస్సై అడిగాడు. ముందరికన్నా గట్టిగా పలికిందన్నాడు మామ. ఏఎస్సై అదీ రాసుకున్నాడు.

చిక్కు పెద్దమ్మ దగ్గర వచ్చింది. సంబంధం ఏమిటని ఏఎస్సై అడిగాడు.

"వీడికి పెద్దమ్మను."

"చుట్టాలు వద్దమ్మా. చుట్టం కానోళ్ళు చెప్పాల."

"చుట్టం కాదు. పెద్దమ్మను."

ఆయన మామవైపు చూశాడు. "నువ్వు?"

"మామను సార్. నేనూ చుట్టం కాదు."

కలం పట్టుకుని ఆయన ఊరంతా కలయజూశాడు. అక్కడ చిన్నాయన ఉన్నాడు, తాత ఉన్నాడు, ఇద్దరు అత్తలున్నారు. నాకు ఏమీ కానివాళ్ళు ఇద్దరు కావాలి, అక్కడ ఒక్కరూ లేరు. చివరికి ఆ గడిలో "ఇరుగుపొరుగు" అని రాశాడు. పెద్దమ్మ ఆ మాటకు ఒప్పుకోలేదు. తను నన్ను ఎత్తుకుని పెంచిందని, ఇరుగుపొరుగు అంటే తనకు బాధగా ఉంటుందని వాదించింది. ఇది ఆఫీసు మాట, ఊరి మాట కాదని నాయన నచ్చజెప్పాక వేలిముద్ర వేసింది. మామ సంతకం చేశాడు, కన్నడంలో, అక్షరానికి అక్షరం దూరంగా.

ఏఎస్సై వెళ్ళేముందు నాయనను, వరది కాపీకోసం స్టేషనుకు రమ్మన్నాడు. వరది అంటే కన్నడంలో నివేదిక, దానిమీద తండ్రి సంతకం కూడా ఒకటి ఉంటే మంచిదట. నాయన నావైపు చూడకుండానే సరేనన్నాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరం బాగేపల్లి వెళ్ళాం. స్టేషను వీధి మొదట్లో ఆయన ఆగలేదు. నేనే ఒక అడుగు వెనకపడ్డాను.

తిరిగి డ్యూటీకి వెళ్ళాక నాకు చేయడానికేమీ లేదు. కాగితం బాగేపల్లినుంచి చిక్కబళ్ళాపురం వెళ్ళాలి, అక్కడినుంచి ఇంకెక్కడికో. ఆ రోజుల్లో వాతావరణ పటాలు అతికించాను. నాకు తెలియని పని కాదు గాని, ప్రతి పటం మీదా మా ఊరిమీద మబ్బు ఉందా అని ముందు చూసేవాణ్ణి. కోర్సు మొదలయ్యే వారం దగ్గరపడింది. సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదని భద్రతాధికారి దారిలో కనబడినప్పుడు చెప్పాడు. అంతకుమించి అడగకూడదని నాకు తెలుసు.

ఒక ఉదయం ఆయన మళ్ళీ పిలిపించాడు. ఈసారి కూర్చోమనలేదు. కాగితం చేతిలో పెట్టుకుని, మీ ఊరి నివేదిక ఇంత పొడవుగా ఎందుకుందని అడిగాడు. మామూలుగా నాలుగు వరసలు ఉంటుందట. ఇందులో రేడియో గురించి కూడా ఉందన్నాడు. మా ఊరివాళ్ళు మొహమాటం లేకుండా మాట్లాడతారని చెప్పాను. ఆయన తల ఊపి, అనుమతి వచ్చిందని చెప్పి, పక్కగదికి వెళ్ళమన్నాడు.

పక్కగదిలో ఉన్న ఆయన నా గుర్తింపు కార్డు చూసి, నా మొహం చూసి, తాళం తీశాడు. బరువైన పుస్తకం ఒకటి బల్లమీద పెట్టి, సంతకం చేయాల్సిన చోటు చూపించాడు. సంతకం చేశాను. బయటికి వచ్చి ఇంటికి ఫోన్ చేస్తే నాయన ఎత్తాడు. వచ్చింది అన్నాను.  ఎప్పటినుంచి నడుపుతావని ఆయన అడిగాడు.

"ముందు చదవాల నాయనా. బాగా లావు పుస్తకం."

"అయితే ఫోన్ పెట్టేసి చదువుకో పో," అన్నాడు.

పెట్టేశాను. లోపలికి వెళ్ళి, కిటికీ పక్కన కుర్చీ చూసుకుని, మొదటి పేజీ తెరిచాను.